జీరో చూసుకోండి

ఆ పెట్రోలు బంకులో మూడో పంపు ఆమెది. పందొమ్మిదేళ్ళుగా ఆమెదే. మిగతా పంపులు ఖాళీగా ఉన్నా ఆమె దగ్గర రెండు మూడు బండ్లు ఆగి ఉంటాయి. ఆమె త్వరగా కొడుతుందని కాదు. నిజానికి నలుగురిలోకీ ఆమే నిదానం. ట్యాంకు నిండుతూ గన్ను మొదటిసారి టక్కుమనగానే ఆపేస్తుంది. మిగతావాళ్ళు గన్ను విదిలించి, బండి ఊపి, ఇంకో అర లీటరు కుక్కి, చిల్లర గొడవ లేకుండా అంకెను ఓ కొలిక్కి తెస్తారు. ఆమె దగ్గర అంకె ఎప్పుడూ బేసిగానే ఉంటుంది.

మొదటి టక్కు దగ్గర ఆపడానికి ఆమెకొక కారణం ఉంది. ప్రతిసారీ ఒకే చోట ఆపితేనే బండి ఎంత తాగిందో తెలుస్తుంది. ట్యాంకు నింపి, రీడింగ్ ఎంతని అడుగుతుంది. మళ్ళీ వచ్చినప్పుడు నింపి, మళ్ళీ అడుగుతుంది. పాత రీడింగ్ కాగితం మీద రాసుకోదు, ఆమె తలలోనే ఉంటుంది. లీటర్లతో భాగించి, గన్ను కొక్కేనికి తగిలించేలోపు చెప్పేస్తుంది. "పోయినసారి పద్దెనిమిది. ఇప్పుడు పదహారున్నర. టైర్లలో గాలి చూపించండి." చదువు తొమ్మిదో తరగతితో ఆగింది గాని, ఈ భాగహారం మాత్రం ఎప్పుడూ తప్పలేదు. కొత్త బండి కొనేవాళ్ళు షోరూముకి వెళ్ళేముందు ఆమె దగ్గరికి వచ్చేవాళ్ళు. ఏ కారు ఎంతిస్తుందో కంపెనీ కాగితంలో ఉంటుంది. నిజంగా ఎంతిస్తుందో ఆమెకు తెలుస్తుంది. అందుకే ఆమెకు మైలేజీ అక్క అని పేరు పడింది. ఆమెకంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా అక్కా అనే పిలిచేవాళ్ళు.

లెక్క చెప్పేముందు తప్పకుండా ఒక ప్రశ్న వేసేది. "మధ్యలో ఇంకో బంకులో కొట్టించారా?" కొట్టించామంటే లెక్క చెప్పేది కాదు.

గన్ను ఎత్తేముందు ఇంకో మాట కూడా ఉంది. "జీరో చూసుకోండి." పంపు మీది అంకెలు సున్నా దగ్గర ఉన్నాయో లేదో కొనేవాళ్ళు చూసుకోవాలని బంకువాళ్ళు నేర్పిన మాట అది. రోజుకి రెండు మూడు వందలసార్లు అంటుంది. చాలామంది కిటికీలోంచి మెడ సాచి చూస్తారు. కొందరు దిగి నిలబడతారు. నర్సమ్మగారు మాత్రం ఒక్కసారీ చూడలేదు.

నర్సమ్మగారు పెద్దాసుపత్రిలో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసి రిటైరయ్యారు. బంకులో ఈమె చేరిన కొత్తల్లో ఒక లారీ అతను తక్కువ కొట్టావంటూ అందరిముందూ ఈమె మీద విరుచుకుపడ్డాడు. అప్పటికి ఆ బంకులో ఆడమనిషి ఈమె ఒక్కతే. మేనేజరు కూడా ఈమె వంక అనుమానంగా చూశాడు. వెనక లైన్లో స్కూటరు మీదున్న నర్సమ్మగారు స్టాండు వేసి దిగి వచ్చి, తను మూణ్ణెల్లుగా ఇక్కడే కొట్టిస్తున్నాననీ, ఈ అమ్మాయి చుక్క తగ్గించదనీ, అనుమానం ఉంటే కొలపాత్ర తెప్పించి కొలవండనీ అన్నారు. కొలపాత్ర వచ్చింది. లెక్క సరిపోయింది. లారీ అతను గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి నర్సమ్మగారు స్కూటరు ఆపి, మూత తీసి, పర్సులో డబ్బు వెతుక్కుంటూ ఉండిపోయేవారు. "జీరో చూసుకోండమ్మా" అంటే, "నువ్వు చూశావుగా" అనేవారు, పర్సులోంచి తలెత్తకుండానే.

షోరూములో పనిచేసే తమ్ముడు ఆమెకు పరిచయమై ఐదేళ్ళు. తోడబుట్టినవాడు కాదు. రోడ్డు చివర ఉన్న కార్ల షోరూములో అమ్మకాలు చూస్తాడు. జనం నడిపి చూసుకోవడానికి పెట్టిన తెల్లకారును సోమవారం పొద్దున్నే తెచ్చి ఆమె దగ్గర ట్యాంకు నింపించుకుని వెళ్ళేవాడు. మొదట్లో మేడమ్ అన్నాడు, నెల తిరిగేసరికి అక్కా అన్నాడు. వాళ్ళమ్మ పోయినప్పుడు పదిరోజులు ఆమె ఇంటి నుంచే క్యారియరు వెళ్ళింది. అతనికి కూతురు పుడితే ఆమె భర్త గౌను కుట్టి ఇచ్చాడు. భర్త కర్టెన్లు కుడతాడు. ఆ గౌను కూడా ఎవరింటి కిటికీకో కుట్టగా మిగిలిన పూలగుడ్డదే. పాపకి భలే కుదిరింది.

ఆ షోరూములోకి కొత్త రకం కారు ఒకటి వచ్చింది. నడిపి చూసుకునే తెల్లకారు కూడా ఇప్పుడు ఆ రకందే. కంపెనీ కాగితంలో లీటరుకి ఇరవై నాలుగు అని ఉంది. అందరూ ఆమెనే అడిగారు. ఆమె తొందరపడలేదు. తెల్లకారు ప్రతి సోమవారం వస్తోంది, ప్రతి సోమవారం రీడింగ్ చూసుకుంది. మూడు నెలలు చూసింది. ఒక వారం ఇరవై, ఒక వారం ఇరవై రెండు, నెలాఖర్లో ఇరవై నాలుగు కూడా వచ్చింది. రకరకాల వాళ్ళు నడుపుతారు కాబట్టి ఆ తేడా సహజమే అనుకుంది. అలవాటు ప్రకారం అతన్నీ అడిగింది, ఇంకో బంకులో కొట్టించారా అని. "నిన్ను కాదని ఇంకో బంకుకి వెళ్తానా అక్కా" అన్నాడతను. సరాసరి ఇరవై ఒకటి అని తేల్చింది.

ఆ అంకె బంకు దాటి ఊళ్ళోకి వెళ్ళింది. మైలేజీ అక్క ఇరవై ఒకటి అందట. రెండు నెలల్లో ఆమెకు బాగా తెలిసినవాళ్ళే ముగ్గురు ఆ కారు కొన్నారు. మొదట నర్సమ్మగారు. వాళ్ళ అక్కగారికి పక్షవాతం వచ్చి, వారానికి మూడుసార్లు ఊరి అవతలి కొసన ఉన్న ఆసుపత్రికి కసరత్తులకి తీసుకెళ్ళాలి. స్కూటరు మీద కుదరదు, ఆటోలకి పింఛను సరిపోదు. ఇరవై ఒకటి ఇచ్చే కారైతే నెలకింతలో గట్టెక్కవచ్చని ఆవిడ కాగితం మీద వేసుకుని చూసి, ఆ కాగితం ఈమెకి చూపించి మరీ కొన్నారు. తర్వాత బేకరీ ఆయన, ఆయన వెనకే ఫొటో స్టూడియో ఆయన.

ముగ్గురి కార్లూ షోరూములోంచి తిన్నగా ఆమె పంపు దగ్గరికే వచ్చాయి. మూడింటిలోనూ పెట్రోలు దీపం ఎర్రగా వెలుగుతోంది. కొత్తకారు అలాగే వస్తుందని అందరికీ తెలుసు. బానెట్టు మీద ఎర్ర రిబ్బను ఇంకా ఊడకుండానే ఆమె మూత తీసి మొదటి ట్యాంకు నింపింది. నర్సమ్మగారు ఆమె చేతిలో చాక్లెట్టు పెట్టారు.

ఆ తర్వాతి నెలలో ఆమే కొంది. పందొమ్మిదేళ్ళు అందరి కార్లూ నింపి బస్సెక్కి ఇంటికి వెళ్ళిన మనిషి. భర్తకు నడుం పట్టేసి, స్కూటరు మీద కర్టెన్ రాడ్లూ నమూనా గుడ్డల పుస్తకాలూ మోయడం కష్టమైంది. అయినా భర్త ముందు ఒప్పుకోలేదు. ఇంకో రెండు షోరూముల్లో ధర అడుగుదాం అన్నాడు. కిటికీ కొలత ఇంటివాళ్ళు చెప్పినా మళ్ళీ తన టేపుతో కొలిస్తేగాని గుడ్డ కత్తిరించని మనిషి. ఆమెకు కోపం వచ్చింది. తమ్ముడి దగ్గర బేరమేంటి అంది.

బేరం అక్కర్లేకుండానే అతను తగ్గించాడు. ముప్ఫై ఆరు వేలు. బిల్లులో ప్రత్యేక తగ్గింపు అని ఒక వరుస పడింది. ఇంత తగ్గింపు షోరూములో పనిచేసేవాళ్ళకి కూడా ఇవ్వరనీ, మేనేజరుతో పోట్లాడి తెచ్చాననీ, ఎవరితోనూ అనవద్దనీ చెప్పాడు. ఆమె ఎవరితోనూ అనలేదు. అనకుండా ఉండటం ఆమెకు బాగుండింది కూడా. బేకరీ ఆయన ఎంతకి పడిందని అడిగితే, అందరికీ పడినంతకే అని నవ్వేసింది.

ముందుగా మైలేజీ మాటెత్తింది బేకరీ ఆయనే. తన కారు మందుకి మరిగిందనీ, సాయంత్రమైతే చాలు స్టీరింగు దానంతటదే బంకు వైపు తిరుగుతోందనీ అన్నాడు. ఆమె లెక్క వేసింది. పదిహేను. బ్రెడ్డు పంపిణీకి సందుల్లో తిరిగే కారు, గజానికొకసారి ఆగే కారు, అంతే ఇస్తుందని సర్దిచెప్పింది. నర్సమ్మగారిదీ అంతే వచ్చింది. ఆవిడ ఈ వయసులో నేర్చుకున్నారు, ఎప్పుడూ రెండో గేరే అనుకుంది. మూడు వారాలకొకసారి రావాల్సిన ఆ కారు రెండు వారాలకే వస్తోంది. ఒకరోజు నర్సమ్మగారు, అక్కగారిని ఇకమీద వారానికి రెండుసార్లే తీసుకెళ్దామనుకుంటున్నానని మామూలుగా చెప్పి, డబ్బిచ్చి వెళ్ళిపోయారు.

తన కారు సంగతి వచ్చేసరికి సాకు దొరకలేదు. నడిపేది తనూ, భర్తా. టైర్లలో గాలి తనే చూస్తుంది. ఏసీ వెయ్యరు. మొదటి టక్కు నుంచి మొదటి టక్కుకి లెక్క వేస్తే పదిహేను. ఇంకోసారి వేస్తే పద్నాలుగున్నర. మనం కొన్నది కారా, బంకా అన్నాడు భర్త. ఆమె నవ్వలేదు. కంపెనీవాళ్ళు ఏదో లోపమున్న కార్లు పంపారేమో, మొదటి ఉచిత సర్వీసులో చూపించాలి అనుకుంది. అప్పటికి కూడా ఆమె అనుమానించింది కార్లని.

సర్వీసు రోజున సెలవు పెట్టి, తనే నడుపుకుంటూ షోరూముకి వెళ్ళింది. తాళాలు ఇచ్చి, రెండు గంటలు పడుతుందంటే ఆగేవాళ్ళ గదిలో కూర్చుంది. గోడ మీద టీవీలో బొమ్మలు కదులుతున్నాయి, శబ్దం లేదు. నీళ్ళ క్యాను పక్కన కాగితం గ్లాసులు అయిపోయాయి. వెనక కిటికీలోంచి షోరూము పెరడు కనిపిస్తోంది. రెండు కొత్త కార్లు కడిగి నిలబెట్టారు. వాటికి అప్పుడే రిబ్బన్లు కట్టారు. నీలం చొక్కా వేసుకున్న ఒకతను మొదటి కారు పక్కన గొంతుక్కూర్చుని, పెట్రోలు ట్యాంకులోకి గొట్టం దించి, చిన్న చేతిపంపు నొక్కుతున్నాడు. గొట్టం రెండో కొస తెల్ల క్యానులో ఉంది. క్యాను సగం దాకా నిండాక గొట్టం తీసి, రెండో కారు దగ్గరికి జరిగాడు. తర్వాత ఆ క్యాను ఎత్తుకుని, గోడ పక్కన నీడలో ఉన్న తెల్లకారు దగ్గరికి వెళ్ళాడు. అడుగు కోసిన నీళ్ళ సీసాని గరాటులా పెట్టి, చుక్క కింద పడకుండా పోశాడు.

ఆమె లేచి పెరట్లోకి వెళ్ళింది. పెట్రోలు వాసన ఆమెకు కొత్త కాదు. అయినా ముక్కుకి అడ్డంగా కొంగు పెట్టుకుంది.

అతను దాచడానికేమీ చూడలేదు. కంపెనీ నుంచి వచ్చేటప్పుడు కారులో అయిదారు లీటర్లు ఉంటుందనీ, కొన్నవాళ్ళు బంకు దాకా పోవడానికి కాస్త ఉంచి మిగతాది తీసేస్తామనీ, అది ఈ బండికి పోస్తామనీ చెప్పాడు. ఎప్పటి నుంచి అని అడిగితే, తను చేరి నాలుగేళ్ళయిందనీ, అప్పటికే ఇలా ఉందనీ అన్నాడు. నెలాఖర్లో డెలివరీలు ఎక్కువ కాబట్టి ఈ బండికి పండగే అని నవ్వాడు.

ఆమె అక్కడే నిలబడింది. నెలాఖర్లో ఇరవై నాలుగు వచ్చేది. మూడు నెలలు ఆమె అడిగింది ఒక్కటే, ఇంకో బంకులో కొట్టించారా అని. బంకులో పనిచేసే మనిషికి, పెట్రోలు బంకులోంచి తప్ప వేరే చోటి నుంచి కూడా వస్తుందని తోచలేదు. ఎర్రదీపంతో తన పంపు దగ్గరికి వచ్చిన నర్సమ్మగారి కారు గుర్తొచ్చింది. ఆ కారులోంచి తీసింది ఈ కారులో పోశారు. ఈ కారు ఇరవై ఒకటి ఇస్తుందని తను తర్వాతివాళ్ళకి చెప్పింది. వాళ్ళ కార్లలోంచి తీసిందీ ఇందులోకే వెళ్ళింది.

తమ్ముడు తన బల్ల దగ్గర ఉన్నాడు. బల్ల మీద కూతురి ఫొటో. పాప ఒంటి మీద ఆ పూలగుడ్డ గౌనే ఉంది. ఆమెను చూడగానే లేచి కుర్చీ లాగి, టీ తెమ్మని ఎవరికో సైగ చేశాడు.

"వెనకాల క్యానుతో పోస్తున్నారు" అంది ఆమె, కూర్చోకుండానే.

అతను అర్థం కానట్టు నటించలేదు. "అవునక్కా. పారబొయ్యలేం కదా."

"నేను లెక్క వేసిన మూడు నెలలూ పోశారా?"

"ఎప్పుడూ పోస్తారు."

"నిన్ను అడిగాను నేను."

"ఇంకో బంకులో కొట్టించారా అని అడిగావు. కొట్టించలేదు." ఆ మాట అన్నాక అతనికే బాగోలేనట్టుంది, గొంతు తగ్గించాడు. "అక్కా, ఇరవై ఒకటి అని నేనెప్పుడైనా అన్నానా? గుర్తు తెచ్చుకో. నువ్వే లెక్క వేశావు, నువ్వే చెప్పావు. కొనేవాళ్ళు వచ్చి మైలేజీ అక్క చెప్పింది అంటే, నేను కాదనలేదు. అంతే నేను చేసింది."

టీ వచ్చింది. ఆమె ముట్టుకోలేదు. ఆ ముగ్గురికీ ఈ సంగతి చెబుతానంది.

అతనికి కోపం రాలేదు. కోపం వచ్చి ఉంటే ఆమెకు తేలిగ్గా ఉండేది. కుర్చీ దగ్గరికి జరుపుకుని, ఇంట్లోవాళ్ళతో మాట్లాడినట్టు మాట్లాడాడు. చెప్పమన్నాడు. కాకపోతే అప్పుడు ఆమె బిల్లు కూడా చూపించాల్సి వస్తుందన్నాడు. ఆ ముగ్గురూ కొన్న రెండు నెలలూ కారుకి పన్నెండు వేల తగ్గింపు కంపెనీ ఇచ్చింది, ఆమె కొనేనాటికి ఆపేసింది. అడిగినవాళ్ళకి ఇస్తారు, అడగనివాళ్ళది అమ్మినవాడి చేతిలో ఉంటుంది, ఎవరికివ్వాలో వాడిష్టం. నర్సమ్మగారు అడగలేదు. బేకరీ ఆయన, ఫొటో ఆయన కూడా అడగలేదు. మైలేజీ అక్క పంపింది అంటూ వచ్చి, చూపించిన చోటల్లా సంతకం పెట్టి వెళ్ళారు.

"ఆ ముగ్గురిదీ కలిపి నీకిచ్చాను" అన్నాడు. "నేను తీసుకోవచ్చు. మావాళ్ళంతా అదే చేస్తారు. నీకోసమని దాచిపెట్టాను అక్కా."

ఆమె అతని మొహంలోకి చూసింది. అబద్ధం ఏమీ కనిపించలేదు. తను మంచే చేశానని అతను నిజంగానే అనుకుంటున్నాడు. అమ్మ పోయినప్పుడు క్యారియరు పంపిన మనిషికి బాకీ తీర్చుకున్నానని అనుకుంటున్నాడు.

సర్వీసు అయ్యేదాకా ఆగకుండా తాళాలు అడిగి తీసుకుంది.

ఇంటికి వచ్చి భర్తకు చెప్పింది. అతను కుట్టుమిషను ఆపి విన్నాడు. నేను ముందే అన్నాను అనే హక్కు అతనికుంది. అనలేదు. బీరువాలోంచి కారు బిల్లు తీసి బల్ల మీద పెట్టాడు. రేపు డ్యూటీ ఎన్నింటికి అని అడిగాడు. మధ్యాహ్నం షిఫ్టు అంది. అయితే పొద్దున్న వెళ్ళు, రోజులు గడిస్తే నోరు రాదు అన్నాడు.

నర్సమ్మగారి ఇల్లు రెండు గదులు. ముందుగదిలో మంచం మీద వాళ్ళ అక్కగారు ఎడమ చేత్తో రబ్బరు బంతి పిసుకుతున్నారు. గోడకి ఆసుపత్రి తారీకులు రాసిన అట్ట వేలాడుతోంది. శుక్రవారాల మీద కొట్టివేతలు కనిపించాయి. ఈమె నిలబడే మొత్తం చెప్పింది. క్యాను సంగతి, తెల్లకారు సంగతి, పన్నెండు వేల సంగతి. చెప్పి, తన బిల్లు తీసి ఇచ్చింది.

నర్సమ్మగారు లోపలికి వెళ్ళి తన బిల్లు తెచ్చుకున్నారు. కళ్ళద్దాలు పెట్టుకుని రెండూ పక్కపక్కన పరిచారు. మందుల చీటీ చదివినట్టు ఒక్కో వరుస మీదా వేలు పెట్టి చదివారు. వేలు ప్రత్యేక తగ్గింపు దగ్గర ఆగింది.

"ఇది నీకు ఎప్పుడు తెలిసింది?"

"నిన్న. మీకు రాలేదని నిన్నే తెలిసిందమ్మా."

"నీకు వచ్చిందని?"

"అది కొన్నప్పుడే తెలుసు."

"నాతో అనలేదు."

అనవద్దన్నాడని చెప్పబోయి, ఆమె ఊరుకుంది. అనవద్దని అతనన్న మాట నిజమే. అనకుండా ఉండటం తనకు బాగుండిందన్నదీ నిజమే. ఆ రెండోది ఎలా చెప్పాలో ఆమెకు తెలియలేదు. పన్నెండు వేలు ఈ నెలాఖరుకి తెచ్చిస్తానంది. నర్సమ్మగారు ఆ మాట విననట్టు కళ్ళద్దాలు తీసి, చీర అంచుతో తుడుచుకున్నారు.

"నాకు బేరం చెయ్యడం రాక కాదమ్మాయ్. మందుల కంపెనీవాళ్ళతో ముప్ఫై ఏళ్ళు బేరాలాడాను. నువ్వు చెప్పావని ఆడలేదు."

మంచం మీంచి బంతి జారి కింద పడింది. ఈమె వంగి తీసి అక్కగారి చేతిలో పెట్టింది. నర్సమ్మగారు ఆమె బిల్లుని మడతలు చెడకుండా మడిచి తిరిగి ఇచ్చారు. టీ తాగుతావా అని అడిగారు. డ్యూటీకి వేళవుతోందంటే, సరే అన్నారు. అంతకంటే ఏమన్నా ఆమె పడేది.

బేకరీ ఆయనకీ, ఫొటో ఆయనకీ అదే వారంలో చెప్పింది. బేకరీ ఆయన ఆ తమ్ముణ్ణి నానా మాటలూ అని, నువ్వేం చేస్తావులే అక్కా అని ఈమెను ఓదార్చాడు. ఆ తర్వాత రెండుసార్లు ఒకటో పంపు దగ్గర కొట్టించుకోవడం చూసింది. అక్కడ లైను లేదు మరి. ఫొటో ఆయన షోరూముకి వెళ్ళి గొడవ చేశాడు. కార్లు తుడిచే నాలుగు గుడ్డలూ, ఒక సెంటు సీసా ఇచ్చి పంపారట.

కొత్త కారు కొనబోయేవాళ్ళు ఇంకా వచ్చి అడుగుతూనే ఉన్నారు. ఆమె నాకు తెలియదు అంటోంది. ఏంటక్కా, నీకు తెలియకపోవడమేంటి అంటారు. పాత లెక్కలు మాత్రం తలలోంచి పోలేదు. ఎవరి కారు పోయినసారి ఎంత తిరిగిందో బండి ఆగగానే గుర్తొస్తుంది. రీడింగ్ అడగబోయి ఆపుకుంటుంది.

సోమవారం పొద్దున్న తెల్లకారు యథాప్రకారం మూడో పంపు దగ్గరే ఆగింది. తమ్ముడు అద్దం దించి, ఏమక్కా, బావ నడుం ఎలా ఉంది అన్నాడు.

"జీరో చూసుకోండి సార్" అంది ఆమె.

అతను ఇంకేదో అనబోయి, అద్దంలో వెనక బండి ఉందేమో చూసుకున్నాడు. లేదు. ఆమె మొదటి టక్కు దగ్గర ఆపి, అంకె చదివి, డబ్బు తీసుకుని రసీదు ఇచ్చింది. తర్వాతి సోమవారం ఆ కారు రాలేదు. ఊరి అవతల ఇంకో బంకుంది.

రెండు వారాలు దాటాయి. నర్సమ్మగారి కారు రావాల్సిన రోజు ఆమెకు తెలుసు. ఆ రోజు రాలేదు. మర్నాడూ రాలేదు. మిగతా బంకులన్నీ ఆవిడ ఇంటికి దూరం. శుక్రవారాలు మానేశారు కాబట్టి ఆలస్యమవుతుంది అని లెక్క వేసుకుంది. వారానికి అరవై కిలోమీటర్లు తగ్గితే ఎన్ని రోజులు ఎక్కువ వస్తుందో వేళ్ళ మీద చూసుకుంది. ఆ లెక్కకి సరిపోయేలా ఐదో రోజు, మధ్యాహ్నం షిఫ్టు మొదలైన కాసేపటికి, ఆ కారు లోపలికి తిరిగింది.

ఒకటో పంపు ఖాళీగా ఉంది. రెండోదీ ఖాళీయే. కారు వాటిని దాటి వచ్చి మూడో పంపు దగ్గర ఆగింది. ముందు సీట్లో అక్కగారు బంతి పట్టుకుని కూర్చున్నారు. ఈమె వెళ్ళి మూత తీసింది. చేతి తొడుగులు సరిచేసుకుని గన్ను అందుకుంది.

"ఫుల్ చెయ్యి" అన్నారు నర్సమ్మగారు, పర్సు వెతుక్కుంటూ.

"జీరో చూసుకోండమ్మా."

పర్సులో చెయ్యి ఆగింది. నర్సమ్మగారు పర్సు మూసి సీటు మీద పెట్టారు. తలుపు తెరిచి, మోకాలి మీద చెయ్యి ఆనించి దిగారు. కారు చుట్టూ తిరిగి వచ్చి ఈమె పక్కన నిలబడ్డారు. మెడలో వేలాడుతున్న కళ్ళద్దాలు ఎత్తి పెట్టుకుని, పంపు వైపు కాస్త వంగి చూశారు.

"చూశాను" అన్నారు.

ఆమె గన్ను నొక్కింది. అంకెలు తిరగడం మొదలుపెట్టాయి. నర్సమ్మగారు అక్కడే నిలబడి, మొదటి టక్కు దాకా వాటినే చూస్తూ ఉన్నారు.